అటక మీది రేడియోకు క్రోమ్ పూత

లేపాక్షి చరిత్ర అనగానే విరూపణ్ణ, వీరభద్రస్వామి గుడి, ఏకశిలా నంది దగ్గరే మాట ఆగిపోతుంది. మన అటకల మీది రేడియోలు కూడా ఈ ఊరి చరిత్రే అంటాను నేను. కర్ణాటక సరిహద్దును ఆనుకున్న ఊళ్ళు కదా, రేడియో ముల్లు రెండు భాషల మధ్య తిరిగేది. బెంగళూరు ఆకాశవాణి 1955లో, కడప కేంద్రం 1963లో మొదలయ్యాయి. షార్ట్‌వేవ్‌కు తిప్పితే రేడియో సిలోన్ నుంచి మీనాక్షి పొన్నుదురై తెలుగు పాటలు వినిపించేవారు. పోస్టాఫీసులో లైసెన్సు కట్టి మరీ విన్న రోజులవి.

ఆ మర్ఫీలు, ఫిలిప్స్‌లు, బుష్‌లు ఇప్పుడు మళ్ళీ కిందికి దిగుతున్నాయి. చెక్క పెట్టెకు పాలిష్ పట్టించవచ్చు, వాల్వు వెతికితే దొరుకుతుంది. చిక్కంతా లోహపు భాగాలతోనే. వాటి మెరుపు క్రోమియం పూతది. క్రోమియం తానుగా తుప్పు పట్టదు. కానీ ఆ పూత మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. దాని కింద నికెల్, నికెల్ కింద ఇత్తడో ఇనుమో ఉంటుంది. పూతలోని సన్నని పగుళ్ళలోంచి తేమ దిగి లోపలి లోహాన్ని తినేస్తూ పోతుంది. పైన మనకు కనిపించేది చిన్న పొక్కు మాత్రమే.

కొత్త పూత వేయించడానికి, అంటే ప్లేటింగ్‌కు ఇచ్చే ముందు ఏ ముక్క ఏ లోహమో చూసుకోవాలి. అయస్కాంతం అంటుకుంటే ఇనుము. పాత వాల్వు సెట్ల ముందు భాగంలో బంగారు రంగు పట్టీలు చాలావరకు లక్క పూసిన ఇత్తడివి, వాటి మీద క్రోమ్ ఎన్నడూ లేదు. వాటికి క్రోమ్ వేయిస్తే రేడియో ముఖమే మారిపోతుంది. అల్యూమినియం పట్టీలకు వేరే పద్ధతి కావాలి. ట్రాన్సిస్టర్ సెట్లలో వెండిలా మెరిసే కొన్ని అంచులు అసలు ప్లాస్టిక్‌వే. పోత పోసిన జింకు ముక్కలైతే మరీ జాగ్రత్త: పాత క్రోమ్ తీయడానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచితే జింకు కూడా కరిగిపోతుంది.

మన వీధుల్లోకి కళాయి వేసేవాళ్ళు వచ్చేవారు. కొలిమి మీద ఇత్తడి గిన్నెను వేడి చేసి, నవాసాగరం చల్లి, తగరాన్ని గుడ్డతో రుద్దేవారు. క్రోమ్ పని అలా వీధిలో అయ్యేది కాదు. దానికి తొట్టెలు కావాలి, డైరెక్ట్ కరెంటు కావాలి. మనకు రైలు దూరంలో బెంగళూరు పీణ్యా పారిశ్రామికవాడలో ఇలాంటి ప్లేటింగ్ యూనిట్లు ఎన్నో ఉన్నాయి. పాత పూత తీసి, బఫింగ్ చేసి, రాగి, ఆపైన నికెల్ ఎక్కిస్తారు. మెరుపుకు అసలు ఆధారం నికెలే. చివరి తొట్టెలో లీటరుకు 250 గ్రాముల క్రోమిక్ ఆమ్లం, అందులో నూరో వంతు సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటుంది. రాగి, నికెల్ తొట్టెల్లో వేలాడదీసిన లోహమే కరిగి వస్తువు మీదికి చేరుతుంది. క్రోమ్ తొట్టెలో వేలాడదీసేది సీసం, అది కరగదు. క్రోమియం ద్రావణంలోంచే వస్తుంది. అలంకార పూతకు కొద్ది నిమిషాలు చాలు.

అన్నిటికన్నా ప్రమాదం బఫింగ్‌లో ఉంది. చక్రం కింద కంపెనీ పేరు అక్షరాలు అరిగిపోతే వాటిని ఏ పూతా తిరిగి తేలేదు. మడత ఏరియల్‌ను విప్పకుండా ముంచితే కీళ్ళలో ఆమ్లం నిలుస్తుంది, గొట్టాలు బిగుసుకుపోతాయి. అలాంటిదాన్ని మార్చుకోవడమే మేలు.

ఈ మెరుపుకు ఇంకో ధర కూడా ఉంది. ఆ క్రోమిక్ ఆమ్లంలో ఉండే షట్‌సంయోజక క్రోమియం క్యాన్సర్ కారకం. మనదేశంలో పరిశ్రమలు వదిలే నీటిలో అది లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. అయినా పీణ్యా భూగర్భజలంలోకి క్రోమియం చేరిందని పరిశోధనలు చెప్పాయి. వ్యర్థజలాన్ని శుద్ధి చేసే యూనిట్‌కే పని ఇవ్వాలి, కాస్త ఖర్చు ఎక్కువైనా సరే.

నా మటుకు, ఉన్న పూత సగానికి పైగా నిలిచి ఉంటే మళ్ళీ వేయించవద్దంటాను. మన గుడి నాట్యమండపం కప్పు మీద బొమ్మలు చాలాచోట్ల వెలిసిపోయాయి. వాటి మీద కొత్త రంగులు పూస్తామంటే మనం ఒప్పుకుంటామా? నాయనగారి వేలు రోజూ తగిలి మాసిన నాబ్ అంచుకూ అదే న్యాయం.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరాల్లో పాత రేడియో ఉన్నవాళ్ళకు నా మనవి: విప్పే ముందు ప్రతి ముక్కకూ ఫోటో తీయండి. ఇచ్చిన ముక్కలు ఎన్నో రసీదు మీద రాయించుకోండి. ముందు ఎవరికీ కనిపించని చిన్న బ్రాకెట్ ఒకటి ఇచ్చి, పని చూశాకే మిగతావి ఇవ్వండి.