ముషీరాబాదు గల్లీల ఆటలు

హైదరాబాదు పరిశ్రమల గురించి మాట్లాడేవారు కంపెనీలు పుట్టిన సంవత్సరాలు చెపుతారు, సమ్మెల సంగతులు చెపుతారు. ఆ కార్ఖానాల పక్క గల్లీల్లో పిల్లలు ఏమి ఆడుకునేవారో చెప్పేవారు అరుదు. 1960లలో ముషీరాబాదు, ఆజమాబాదు ప్రాంతాల్లో పెరిగినవాళ్ళం కనుక మాకు గుర్తున్నంతవరకు రాస్తున్నాము. కొని ఆడిన బొమ్మలంటూ మాకు లేవు. కార్ఖానా ఏది పారేస్తే అదే మా ఆటవస్తువు.

అన్నిటికన్నా ముందు చెప్పవలసింది సిగరెట్టు పెట్టెల ఆట. వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ 1930లో ఏర్పడింది. ఆజమాబాదులోని దాని ఫ్యాక్టరీనుంచి వచ్చే చార్మినార్ సిగరెట్టే మా వీధి పెద్దలు తాగేది. ఖాళీ పెట్టెలు ఏరి, విప్పి, చదునుచేసి దొంతర్లు కట్టేవాళ్ళం. నేలమీద గుండ్రంగా గీత గీసి, మధ్యన అందరి పందెమూ పేర్చి, దూరంనుంచి చదునురాయి విసిరి కొట్టాలి. గీత దాటి బయటపడినవి కొట్టినవాడివి.

అసలు తమాషా వాటి వెలలో వుంది. చార్మినార్ ఎక్కడ చూసినా దొరికేది కాబట్టి దాని విలువ అన్నిటికన్నా తక్కువ, అయిదు. సిజర్స్ యాభై. గోల్డ్ ఫ్లేక్ అయితే పెట్టెకు వంద. ఈ వెలలు అంగడి ధర చూసి పెట్టినవి కావు. మా గల్లీలో గోల్డ్ ఫ్లేక్ తాగేవాళ్ళు లేరు గనక దానికి వంద వచ్చింది. అది కావాలంటే నారాయణగూడ దాకా నడిచి సినిమాహాలు బయట ఇంటర్వెల్ అయ్యాక వెతకాలి. జీతాలు ముట్టిన వారంలో సిజర్స్ పెట్టెలు కాస్త ఎక్కువగా దొరికి వాటి వెల నలభైకి, ముప్ఫైకి పడిపోయేది. నెలాఖరుకు చార్మినార్ పెట్టెలు కూడా తగ్గి బీడీకట్టల కాగితాలు మిగిలేవి. వాటిని ఆటలో ఎవరూ ఒప్పుకునేవారు కాదు. ఏ ఇంట్లో చేయి ఆడుతోందో, ఏ ఇంట్లో నాయన పని పోయిందో మాకు ఆ కాగితాలే చెప్పేవి. పెద్దవాళ్ళు మాత్రం పిల్లలకేమీ తెలియదనుకునేవారు.

దివాన్ బహదూర్ రాంగోపాల్ మిల్లు 1920 నాటిది. అందరూ డీబీఆర్ మిల్లు అనేవారు. అక్కడి విరిగిన బాబిన్లు ఇంటికి వస్తే చంటిపిల్లలకు రైలుబండి అయ్యేవి. బస్సుల విషయానికొస్తే, నిజాం రాష్ట్ర రైల్వే వారు 1932 జూన్‌లో 27 బస్సులతో మొదలుపెట్టిన సర్వీసే తరవాత ఆర్టీసీ అయింది. అరిగిన బేరింగులు మూడు సంపాదించి పలకకు బిగిస్తే బేరింగుబండి తయారు. ఒకడు కూర్చుంటే ఇద్దరు తోసేవారు. దాని చప్పుడు వీధంతా వినిపించేది. అదే చిక్కు. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాళ్ళు పొద్దున నిద్రపోయేవారు. అందుకని పొద్దుటి ఆటలు గోళీలు, అచ్చనగండ్లు. సాయంత్రం మిల్లు సైరన్ కూశాకనే బేరింగుబండీ, ఏడు పెంకులాటా. ఈ నియమం తప్పినవాడికి ఎవరి నాయన చేతి దెబ్బయినా పడేది, అడిగేవారు లేరు.

ఆడపిల్లలకు సైరన్ కాదు, నల్లా గడియారం. నల్లా నీళ్ళు వచ్చేలోపు గూనపెంకు ముక్కతో తొక్కుడుబిళ్ళ ఆడుకోవాలి. చంకన తమ్ముడినో చెల్లెలినో ఎత్తుకునే కుంటేవారు. ఆ చంటివాళ్ళకు కాళ్ళు వచ్చాక వాళ్ళనూ ఆటలో అరటిపండుగా చేర్చుకునేవారు. నీళ్ళు వచ్చాయన్న కేక వినబడితే గెలిచే ఆట కూడా అక్కడే ఆగిపోయేది. మగపిల్లల ఆటను బిందె ఆపినట్టు మాకు జ్ఞాపకం లేదు.

గోళీలు మటుకు అంగట్లోనూ దొరికేవి గాని, సోడాసీసా పగిలితే వచ్చే గోళీకే గౌరవం. ఆ సీసాకు ఇంగ్లండులో కాడ్ అనే ఆయన 1872లో పేటెంటు తీసుకున్నాడట. సోడాబండి తాత మాత్రం సీసా పగిలిందంటే మామీదే అనుమానపడేవాడు. పాపం, పూర్తిగా తప్పని చెప్పలేము.

ఒక్క కర్రకు మూడు పేర్లుండేవి. మాకు చిర్రగోనె, ఉర్దూ ఇళ్ళవారికి గిల్లీదండా, 1956 తరవాత కోస్తానుంచి ఉద్యోగాలకు వచ్చిన ఇళ్ళ పిల్లలకు కర్రాబిళ్ళ. ఏ పేరున్నా ఆట సాగింది. 1969లో ఉద్యమం వచ్చి బడులు మూతపడినప్పుడు రోజంతా వీధిలోనే వున్నాము. ఆ ఏడు పేరు దగ్గరే తగవు వచ్చి, ఒక నెల రెండు జట్లుగా విడిగా ఆడాము. కలిపినది పెద్దలు కాదు. మంచి గిల్లీ చెక్కగలవాడు అవతలి జట్టులో వుండిపోయాడు, అంతే.

మిల్లు మూతపడింది. కంపెనీ పేరు 1983లో వీఎస్టీ ఇండస్ట్రీస్‌గా మారింది. చార్మినార్‌కు అయిదు, గోల్డ్ ఫ్లేక్‌కు వంద అన్నది మా గల్లీ లెక్క. చిక్కడపల్లిలో, లాలాగూడ రైల్వే క్వార్టర్లలో లెక్క వేరని అప్పట్లోనే విన్నాము. ఆ వైపునుంచి వచ్చిన సభ్యులు మన పత్రికకు తమ వెలలు రాసి పంపితే వచ్చే సంచికలో వేస్తాము.