రామోజీరావు, చెరుకూరి

చెరుకూరి రామోజీరావు (1936 నవంబరు 16 – 2024 జూన్ 8): చిట్‌ఫండ్ వ్యాపారి, ఈనాడు దినపత్రిక స్థాపకుడు. కృష్ణా జిల్లా పెదపారుపూడిలో రైతు కుటుంబంలో పుట్టాడు. ఇంట్లో పెట్టిన పేరు రామయ్య; బడిలో రామోజీ అని తానే రాయించుకున్నాడు. గుడివాడలో బీఎస్సీ చదివి, ఢిల్లీలో ఒక ప్రకటనల సంస్థలో పనిచేశాడు.

1962లో హైదరాబాదులో మార్గదర్శి చిట్‌ఫండ్ ప్రారంభించాడు. చీటీలు తెలుగునాట కొత్త కాదు. వాడలో తెలిసినవాళ్లంతా కలిసి వేసుకునేవారు, నోటిమాటే పత్రం. దాన్ని రసీదులు, ష్యూరిటీలు ఉన్న కంపెనీ వ్యవహారంగా నడపడం రామోజీరావు సాధించిన గట్టి పని. లక్ష రూపాయల చీటీలో 50 మంది, నెలకు 2,000 చొప్పున 50 నెలలు కడతారనుకుందాం. అవసరమున్నవాడు 30,000 తగ్గించి పాడుకుంటే చేతికి 70,000 వస్తుంది. చీటీ విలువలో 5 శాతం చొప్పున 5,000 కంపెనీ కమీషన్ (చిట్‌ఫండ్ చట్టానికి 2019లో చేసిన సవరణతో గరిష్ఠం 7 శాతమైంది). మిగతా 25,000 అందరికీ పంచితే తలా 500. అంటే వచ్చే వాయిదాకు 1,500 కడితే చాలు. పాడుకున్నవాడు తరువాత ఎగ్గొట్టకుండా ష్యూరిటీ కావాలి. నెలజీతగాడి సంతకానికి గిరాకీ అక్కడే.

నెలజీతాలు దండిగా ఉన్న ఊరు విశాఖపట్నం. 1933లో రేవు మొదలైంది, 1941లో ఓడల కర్మాగారానికి పునాది పడింది, 1957లో చమురుశుద్ధి కర్మాగారం వచ్చింది. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ ఉద్యమం తరువాత 1971 జనవరి 20న ఇందిరాగాంధీ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేసింది. ఇంతమంది చదువరులున్నా, విజయవాడలో అచ్చయిన పత్రికలు చేరేసరికి బాగా పొద్దెక్కేది. పన్నెండేళ్ల చీటీల అనుభవంతో రామోజీరావు 1974 ఆగస్టు 10న ఇక్కడే ఈనాడు పెట్టాడు. తొలి సంపాదకుడు ఏబీకే ప్రసాద్. తెల్లవారకముందే పత్రిక గుమ్మంలో పడాలి, అందులో మన ఊరి వార్త ఉండాలి: ఈ రెండు పట్టింపులే దాన్ని నిలబెట్టాయి. 1975లో హైదరాబాదు, 1978లో విజయవాడ సంచికలు వచ్చాయి. విశాఖలో డాల్ఫిన్ హోటల్ కూడా ఆయనదే.

అన్నదాత రైతు పత్రిక (1969), ప్రియా పచ్చళ్లు (1980), ఉషాకిరణ్ మూవీస్ (1983), ఈటీవీ (1995), ఫిలింసిటీ (1996) మిగతా సంస్థల్లో ముఖ్యమైనవి. 2016లో పద్మవిభూషణ్ వచ్చింది.

వివాదం చిట్‌ఫండ్‌తో కాక, డిపాజిట్లు తీసుకున్న మార్గదర్శి ఫైనాన్షియర్స్‌తో మొదలైంది. అది హిందూ అవిభక్త కుటుంబ సంస్థ. కంపెనీ కాని ఇలాంటి సంస్థలు ప్రజల నుంచి డిపాజిట్లు సేకరించరాదని 1997లో సవరించిన రిజర్వుబ్యాంకు చట్టం 45-ఎస్ సెక్షను చెబుతుంది. 2006లో ఎంపీ ఉండవల్లి అరుణ్‌కుమార్ ఫిర్యాదు చేశాడు. రాష్ట్ర ప్రభుత్వం విచారణ జరిపించింది. తమకు ఆ నిషేధం వర్తించదనీ, డిపాజిట్లు తిరిగి చెల్లించామనీ సంస్థ వాదన. 2018 డిసెంబరు 31న ఉమ్మడి హైకోర్టు క్రిమినల్ కేసు కొట్టేసింది. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పు పక్కనపెట్టి, మళ్లీ విచారించమని తెలంగాణ హైకోర్టుకు పంపింది. చిట్‌ఫండ్ శాఖల మీద ఆంధ్రప్రదేశ్ సీఐడీ 2023లో విడిగా కేసులు పెట్టింది.

సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన రెండు నెలలకే రామోజీరావు హైదరాబాదులో మరణించాడు. ప్రభుత్వ లాంఛనాలతో ఫిలింసిటీలో అంత్యక్రియలు జరిగాయి. మార్గదర్శి చిట్‌ఫండ్‌కు కోడలు శైలజాకిరణ్ మేనేజింగ్ డైరెక్టరు.