కట్ట ఎందుకు ‘తెగుతుంది’?

ముడివేయడమనే అర్థమున్న ‘కట్టు’ క్రియ నుంచి వచ్చిన మాట ‘కట్ట’. కాగితాల కట్టయినా చెరువు కట్టయినా విడివిడి వాటిని పట్టి ఉంచేదే. పొరలుగా పోసి, తగినంత తేమతో దిమ్మిసతోనో రోలరుతోనో బిగించిన మట్టే చెరువు కట్ట. ఇల్లూ కడతాం కదా, ఇందులో ముడి ఏముంది అనొచ్చు. కానీ గోడ కూలుతుంది. కట్ట తాడులా తెగుతుంది. కోపం తెంచుకునేదీ కట్టలనే.

‘తెగు’ అనే ఆ క్రియలోనే ఇంజనీరింగు ఉంది. 1979 ఆగస్టు 11న గుజరాత్‌లో మచ్చు-2 డ్యాం మీదుగా వరద పొర్లినప్పుడు మధ్యనున్న రాతికట్టడం నిలిచింది, ఇరువైపులా మట్టికట్టలు తెగాయి. పైనుంచి పొర్లే నీరు మట్టిని రేణువు రేణువుగా విడదీస్తుంది. లోపల ఊరే నీరూ అంతే. అందుకే నడుమ బంకమట్టి, దాని వెనుక ఇసుక వడపోత, వరదకు చాలినంత అలుగు. మూడూ ఆ ముడిని కాపాడేవే.