సత్ప్రసాదపీఠము చెంత గోధుమ

లాటిన్ సంప్రదాయము ననుసరించు కథోలిక క్రైస్తవుల దివ్యపూజలో భక్తులు స్వీకరించు పులియని అప్పము గోధుమపిండియు నీరును మాత్రమే కలిపి కాల్చినదై యుండవలెనను నియమము శతాబ్దములుగా వచ్చుచున్నది. 1983 నాటి ధర్మశాస్త్రసంహితలోని 924వ సూత్రము దానినే మరల శాసించినది. అయితే గోధుమవలననే ప్రేగులు శిథిలమగు శరీరముతో జన్మించినవాడు ఆ భక్తుల పంక్తిలో నెట్లు నిలువవలెనను ప్రశ్న ఇరువదవ శతాబ్ది మధ్యమువఱకు ఉదయించుటకే వీలు లేకపోయెను. ఏలయన దోషము గోధుమయం దున్నదని వైద్యులే యెఱుగరు.

లండను వైద్యుడు శామ్యూల్ గీ 1888లో సీలియాక్ అను ఈ ప్రేగుల వ్యాధిని వర్ణించుచు, దీనికి నివారణ యున్నచో అది పథ్యమువలననే కలుగవలెనని చెప్పెను గాని, విడువవలసిన వస్తువేదో అతనికి దొరకలేదు. దానిని పట్టుకొన్నవాడు డచ్చి శిశువైద్యుడు విల్లెమ్ కారెల్ డికె. హేగ్ నగరమున 1930ల నుండియే రొట్టెపై అతనికి గలిగిన శంకను, జర్మనుల యాక్రమణలో 1944–45 నాటి చలికాలమున ప్రజలు రొట్టె దొరకక తులిప్ దుంపలు తిని బ్రతికిన ఆ ఘోరక్షామము బలపఱచెను. 1950లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయమునకు సమర్పించిన సిద్ధాంతగ్రంథమున అతడు గోధుమను, రై ధాన్యమును దోషకారులుగా నిరూపించెను. పిమ్మట అతడును సహచరులును హాని గోధుమలోని పిండిపదార్థమువలన గాక గ్లూటెన్ అను మాంసకృత్తువలన గలుగుచున్నదని తేల్చిరి. చర్చిలో తరువాత దొరకిన మార్గమునకు ఈ భేదమే మూలమైనది.

1995లో రోమునందలి విశ్వాససిద్ధాంత పరిషత్తునకు అధ్యక్షుడైన కార్డినల్ రాట్‌సింగర్ వ్రాసిన లేఖ, గ్లూటెన్ బొత్తిగా తీసివేసిన అప్పము చెల్లదనియు, రొట్టెగా రూపొందుటకు వలసినంత మిగిలియున్నచో చెల్లుననియు నిర్ణయించెను. ఈ వ్యాధిగలవారిని గురుపట్టమునకు స్వీకరింపరాదని కూడ ఆ లేఖలో నుండెను. అది వ్యాధిని అనర్హతగా నెంచిన కఠినవాక్య మని నా యభిప్రాయము. అతని 2003 నాటి లేఖ ఆ నిషేధమును సడలించి, మిక్కిలి జాగరూకతతో నిర్ణయింపుడని మాత్రము చెప్పెను.

ఇంతలో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రమున, క్లైడ్ గ్రామపు బెనెడిక్టైన్ సన్యాసినులు ఏండ్ల తరబడి పరిశ్రమించి, గోధుమనుండి వేఱుచేసిన పిండిపదార్థముతోనే అప్పమును కాల్చిరి. ముద్దను పట్టి యుంచునది గ్లూటెనే కనుక అది సులభసాధ్యమైన పని కాదు. వారి అప్పమున గ్లూటెన్ 0.01 శాతము, అనగా కిలోగ్రామునకు 100 మిల్లీగ్రాములు. గ్లూటెన్‌రహితమని ముద్రించుటకు నేడు అంగీకృతమైన 20 మిల్లీగ్రాముల పరిమితికంటె ఇది యధికమే యైనను, అప్పపు బిళ్ల గ్రాముకంటె నెంతో తేలిక యగుటచే లోనికి పోవునది అత్యల్పము.

ఆ కొంచెమును గూడ సహింపలేనివారికి ద్రాక్షారసము మాత్రమే యిచ్చినను సత్ప్రసాదము సంపూర్ణమే యని చర్చి బోధించుచున్నది. కాని గురువు పూజలో అప్పమును విఱిచి ఒక తునుకను తన పానపాత్రలో వేయును. కావున ఆ పాత్ర యీ రోగికి పనికిరాదు. తునుక పడని, ఇతరుల పెదవి తాకని చిన్నపాత్ర వేఱుగా నుండవలెను. అప్పము తీసికొనువారికైనను ప్రత్యేకమైన మూతగల భరిణె యవసరము. తక్కిన అప్పములను పంచిన వ్రేళ్లకు గోధుమపొడి అంటియుండును గనుక, గురువు ఆ భరిణెను తెఱచి పట్టుకొనగా రోగియే స్వయముగా తన అప్పమును తీసికొనుట క్షేమము.