మస్టర్‌లో పేరుంది, మరి యజమాని ఎవరు?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడూ పట్టణాలే. మూడు చోట్లా తెల్లారకముందే వీధుల్లోకి వచ్చేది పారిశుధ్య కార్మికులు. వారిలో ఎక్కువమంది దళితులు. పెద్ద కంపెనీల్లో హెచ్‌ఆర్ విభాగం చూసే హాజరు, సెలవు, మందలింపు, పని పంపకం ఇక్కడ చాలావరకు మేస్త్రీ నోటిమాట మీద, శానిటరీ ఇన్‌స్పెక్టర్ సంతకం మీద నడుస్తాయి. మేనేజ్‌మెంట్ పాఠాల్లో ఈ మేస్త్రీ ఎక్కడా కనిపించడు.

ఏదైనా తేడా వస్తే కార్మికురాలు ఎవరిని అడగాలి? ఒకప్పుడు కాంట్రాక్టర్‌ను అడగమనేవారు. 2020 జూలైలో ప్రభుత్వమే ఆప్కాస్ అనే అవుట్‌సోర్సింగ్ కార్పొరేషన్‌ను నడపడం మొదలుపెట్టింది. దళారీ కమిషన్ పోయింది, జీతం నేరుగా ఖాతాలో పడుతోంది. ఇది చిన్న మార్పేం కాదు. కానీ జీతం ఇచ్చేది ఒకరు, పని చేయించుకునేది ఇంకొకరు అన్న చీలిక అలాగే ఉంది. 2023 డిసెంబర్ 26న రాష్ట్రమంతటా మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగినప్పుడు పర్మినెంట్ చేయడం, సమాన పనికి సమాన వేతనం ముఖ్యమైన డిమాండ్లయ్యాయి. తాత్కాలిక ఉద్యోగులకూ సమాన వేతన సూత్రం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2016లోనే జగ్‌జీత్ సింగ్ కేసులో చెప్పింది.

పరిశోధనలో భాగంగా మేము ఎక్కువగా విన్న మాట ఒకటే: "రేపట్నుంచి రావాకు." కాగితం ఉండదు, కారణం ఉండదు. రెండు రోజులు జ్వరమొచ్చి ఇంట్లో ఉన్నా ఆ మాట వినాల్సి రావచ్చు. నోటిమాటతో తీసేసినప్పుడు చాలామంది బతిమాలుకుంటూ మేస్త్రీ చుట్టూ తిరుగుతారు. అందులో రోజులు పోతాయి, రుజువూ మిగలదు. ముందు కమిషనర్‌కు అర్జీ రాసి, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. ఆ తర్వాత కార్మిక శాఖలో వివాదం వేయాలి. 45 రోజుల్లో రాజీ కుదరకపోతే కార్మికురాలే నేరుగా పై వేదికకు వెళ్లవచ్చు. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న సంస్థే కట్టాలని 1970 కాంట్రాక్ట్ లేబర్ చట్టం చెప్పింది, 2020 కోడ్‌లోనూ అదే నిబంధన ఉంది. కాబట్టి "మాకు సంబంధం లేదు" అని మున్సిపాలిటీ అంటే ఒప్పుకోనక్కర్లేదు.

ఈఎస్ఐ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే నష్టం ఎక్కువగా ఇక్కడే జరుగుతోంది. జీతంలో కార్మికుల వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. జబ్బు చేసినప్పుడు సొమ్ము రావాలంటే ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా పడి ఉండాలి. అంటే మస్టర్‌లో కొట్టేసిన ప్రతి రోజూ ఆ 78లో తరుగే. పనిలో ప్రమాదం జరిగితే మాత్రం ఈ లెక్క లేదు, చేరిన మొదటి రోజైనా వర్తిస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈఎస్ఐ పరిమితి నెలకు 21,000 రూపాయలు. జీతం పెంచమని అడిగేటప్పుడు ఆ గీత దాటితే వైద్యానికి ఏ ఏర్పాటు ఉంటుందో కూడా అదే బల్ల మీద తేల్చుకోవాలి.

కులం పేరుతో నలుగురిలో తిడితే అది క్రమశిక్షణ వ్యవహారం కాదు, ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కింద నేరం. చేత్తో మలం ఎత్తించడం కూడా ఆ చట్టం కింద నేరమే. అధికారి "మీలో మీరు సర్దుకోండి" అన్నంత మాత్రాన కేసు పోదు. లైంగిక వేధింపులైతే పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి, యజమాని మీదే ఫిర్యాదు అయితే జిల్లా స్థానిక కమిటీకి వెళ్లాలి. గడువు మూడు నెలలు. ఆ కమిటీలో ఎవరున్నారో ఆఫీసు గోడ మీద రాసి పెట్టారా అన్నది విద్యార్థులు ఏ మున్సిపాలిటీకి వెళ్లినా మొదట చూడాల్సిన సంగతి.

వెళ్లినప్పుడు అక్కలను అడిగి మూడు కాగితాలు చూడండి: జీతం స్లిప్పు, పీఎఫ్ పాస్‌బుక్, ఈఎస్ఐ నంబరు. ఫోన్‌లో ముఖం చూపి హాజరు వేసే చోట్ల రోజూ ఒక నోటు పుస్తకంలో తేదీ, పనిచేసిన వీధి పేరు రాసుకోమనండి. చదువు రాని వారికి ఇంట్లో బడికెళ్లే పిల్లలు రాసిపెడతారు.