వెలి, నీళ్లు, వంట

వితంతు పునర్వివాహ చట్టం 1856లోనే వచ్చింది. రాజమండ్రిలో వీరేశలింగం పంతులు తొలి వితంతు వివాహం జరిపించింది మాత్రం 1881 డిసెంబరు 11న. వధూవరులు గౌరమ్మ, గోగులపాటి శ్రీరాములు. మధ్య గడిచిన ఈ పాతికేళ్లను మన చరిత్రకారులు తగినంత పట్టించుకోలేదని నా అభిప్రాయం.

చట్టం పెళ్లికి అనుమతి ఇచ్చిందే గాని, వెలిని ఆపలేకపోయింది. పంతులుగారింట వంటవాళ్లు, నీళ్లు తెచ్చేవాళ్లు పని మానేశారు. పెళ్లికి వెళ్లినవారు మళ్లీ కులంలో కలవాలంటే ప్రాయశ్చిత్తం చేసుకోవాలన్నారు. మిత్రుల్లో కొందరు లొంగిపోయారు. ఏ తప్పూ చేయని బాలవితంతువును శిక్షించిన సంఘమే, ఆమెకు బతుకు తిరిగి ఇచ్చినవారిని తప్పు ఒప్పుకోమన్నది!

ఆ వెలిని విఫలం చేసిందెవరు? గోదావరి నుంచి నీళ్లు మోసి, వండి వడ్డించిన రాజ్యలక్ష్మమ్మ. అండగా నిలిచిన విద్యార్థులు. డబ్బిచ్చిన కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య. పంతులుగారిని ఒంటరి వీరుణ్ణి చేస్తే ఆయన పెరగడు, ఉద్యమం చిన్నదవుతుంది.

మరొక మాట. శ్రామిక కులాలు అనేకంలో మారుమనువు అప్పటికే ఆచారం. పై కులాలు తమ స్త్రీలకు కాదన్న హక్కునే సంస్కర్తలు తిరిగి నిలబెట్టారు. ఈ చరిత్ర రాయబోయే విద్యార్థులు వేదిక మీది పేర్లతో ఆగక, వంటింటి నుంచీ వాడల నుంచీ మొదలుపెట్టాలి.