అణుశాఖలో కాపలా ఎవరిది?

సికింద్రాబాదుకు తూర్పున, మౌలాలి దాటి వెళితే, 1971లో నెలకొన్న అణు ఇంధన సంస్థ (ఎన్.ఎఫ్.సి.) ఉన్నది. తెలుగునేలపై ఇంతవరకు అణువిద్యుత్ కేంద్రమేదీ పనిచేయలేదు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో తలపెట్టినది ఇంకా కట్టనేలేదు. అయినా దేశంలోని భారజల రియాక్టర్లకు కావలసిన ఇంధనం దశాబ్దాలుగా ఇక్కడినుండే వెళుతూ వచ్చింది. కనుక వాటిని తనిఖీ చేసేదెవరన్న ప్రశ్న మనకు పరాయిది కాదు.

అమెరికాలో అణుశక్తిని పెంపొందించే పని, అదుపుచేసే పని మొదట ఒకే కమిషన్ చేతిలో ఉండేవి. 1974 చట్టంతో వాటిని విడదీశారు. మనవారు 1983 నవంబరు 15న అణుశక్తి నియంత్రణ మండలిని స్థాపించారు గాని, దానిని అణుశక్తి కమిషన్‌కే జవాబుదారీ చేశారు. ఆ కమిషన్ అధ్యక్షుడే అణుశక్తి శాఖ కార్యదర్శి. కేంద్రాలను నడిపే ఎన్.పి.సి.ఐ.ఎల్. ఆ శాఖదే. యజమాని తన ఇంటి సోదాకు తానే మనిషిని పెట్టుకొన్నట్లున్నది కదూ!

నడిపేవారికి వెసులుబాటు అసలే వద్దని నేననను. ప్రతి కవాటానికీ బొంబాయి అనుమతి కావాలంటే ఏ కేంద్రమూ నడవదు. కాని కారణం రాసి, గడువు పెట్టి తీసుకొన్న వెసులుబాటు వేరు, అడిగేవారు లేక దొరికినది వేరు.

ఉత్తరప్రదేశ్‌లోని నరోరాలో 1993 మార్చి 31న టర్బైను రెక్కలు విరిగి మంటలు లేచాయి. తీగలు కాలిపోయి సుమారు 17 గంటలు కేంద్రానికే కరెంటు లేదు. సిబ్బంది టార్చిలైట్లతో పైకెక్కి, రియాక్టరులోకి బోరాన్ ద్రావణం వదిలారు. ఆ రెక్కల లోపం గురించి తయారీదారుల హెచ్చరిక 1989లోనే వచ్చిందనీ, ప్రమాదం జరిగేవరకు వాటిని మార్చలేదనీ ఆ ఏడే మండలి అధ్యక్షుడైన ఎ. గోపాలకృష్ణన్ తరువాత రాశారు. ఆయన హయాములో, 1995లో, సుమారు 130 భద్రతా సమస్యలతో మండలి ఒక నివేదిక తయారుచేసింది. ప్రభుత్వం దానిని రహస్యమన్నది. పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ సుప్రీంకోర్టుకెక్కినా, 2004లో తీర్పు ప్రభుత్వం వైపే వచ్చింది.

2000లో బాబా అణు పరిశోధనా కేంద్రాన్ని మండలి పరిధినుండే తప్పించి, తన భద్రతను తానే చూసుకొమ్మన్నారు. ఇంతకు మించిన వెసులుబాటు ఉంటుందనుకోను. మన మౌలాలి ఇంధన సంస్థ మాత్రం మండలి కిందే మిగిలింది.

2012లో కాగ్ నివేదిక మరో సంగతి బయటపెట్టింది: నిబంధన ఉల్లంఘిస్తే గరిష్ఠ జరిమానా 500 రూపాయలట! స్వతంత్ర నియంత్రణ సంస్థ కోసం 2011లో తెచ్చిన బిల్లు లోక్‌సభ కాలం తీరి 2014లో మురిగిపోయింది.

చివరకు 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన శాంతి చట్టం మండలికి చట్టబద్ధ హోదా ఇచ్చింది. ప్రైవేటు సంస్థలకూ రియాక్టర్లు నడిపే తలుపు తెరిచింది. నియంత్రణ మండలి అధ్యక్షునికి పేర్లు సూచించే ఎంపిక సంఘాన్ని నియమించేది మాత్రం అణుశక్తి కమిషనే.